నగర భోగం – ఇంటి అమ్మకం: విక్రయ దస్తావేజులో ‘అనుభవం’ (కరీంనగర్ నేపథ్యంలో ఒక విమర్శనాత్మక పరిశీలన)

వ్యాస సంగ్రహం:

నగర జీవితంలోని సుఖాన్ని వర్ణించడానికి తెలుగు సాహిత్యంలో సుసంపన్నమైన భాష ఉంది. ఆ నగరంలో అనుభవించిన ఇంటిని అమ్ముకొని వెళ్లే సందర్భాన్ని చెప్పే పని మాత్రం చాలావరకు దస్తావేజు లేఖరి చేతిలోనే మిగిలిపోయింది. విక్రయ దస్తావేజును ఒక పాఠంగా తీసుకొని, అందులోని ‘అనుభవం’, ‘భోగం’, ‘కబ్జా’, ‘హద్దులు’, ‘ఇష్టపూర్వకం’ అనే మాటల అర్థపరిణామాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కరీంనగర్ పట్టణం, మానేరు పరివాహక ప్రాంతం ఈ పరిశీలనకు నేపథ్యం. ఇంటి ధరలో నగర జీవితపు సుఖానికి చోటున్నా, ఆ ధరను నమోదు చేసే పత్రంలో దానికి చోటు లేదని, ఆ ఖాళీని పూరించవలసిన బాధ్యత సాహిత్యానికి, స్థానిక చరిత్రరచనకు ఉందని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: కరీంనగర్, నగర జీవితం, విక్రయ దస్తావేజు, బైనామా, అష్టభోగాలు, అనుభవం, హద్దులు, క్రీడాభిరామం, నిగమశర్మ, పురవర్ణన.

1. ఉపోద్ఘాతం:

కరీంనగర్ పాత నగరం కాదు. కుతుబ్‌షాహీల కాలం నుంచి ఆసఫ్‌జాహీల కాలం దాకా ఈ ప్రాంతానికి పాలనాకేంద్రం మానేరు ఒడ్డునే ఉన్న ఎలగందుల. జిల్లాకు ఆ పేరే ఉండేది. కేంద్రం కరీంనగర్‌కు మారడంతో కచేరీలు, వాటి వెంట ఉద్యోగులు, వ్యాపారులు తరలివచ్చారు. ఎలగందులలో కోట మిగిలింది. కరీంనగర్‌లో కమాన్, టవర్ సర్కిల్, ముకరంపుర, కాశ్మీర్‌గడ్డ, మంకమ్మతోట వంటి పేర్లతో కొత్త జీవితం అల్లుకుంది. ఒక పట్టణం ఖాళీ అయితే మరొక పట్టణం నిండిన చరిత్ర ఇది. కాబట్టి ఇల్లు వదలడం, ఇల్లు కొనడం ఈ ఊరి పుట్టుకలోనే ఉన్నాయి.

నేడు అదే క్రమం మరో రూపంలో సాగుతున్నది. పిల్లలు హైదరాబాదులోనో విదేశాల్లోనో స్థిరపడగా, వృద్ధ దంపతులు పట్టణం నడుమనున్న పెంకుటింటిని అమ్మడం కరీంనగర్ వాడకట్టుల్లో సాధారణ దృశ్యం. ఆ ఇంటి స్థలంలో అంతస్తుల భవనం లేస్తుంది. అమ్మినవారి వద్ద సొమ్ము, కొన్నవారి వద్ద కాగితం మిగులుతాయి. ఆ ఇంట్లో గడిచిన నలభై, యాభై ఏళ్ల నగర జీవితం ఏ పాఠంలోనూ మిగలదు.

ఉత్తర తెలంగాణ కథాసాహిత్యం ఎంతో బలమైనది. అల్లం రాజయ్య, బి.ఎస్. రాములు, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, కాలువ మల్లయ్య, పెద్దింటి అశోక్‌కుమార్ వంటి రచయితలు ఊరిని, భూమిని, గనిని, మగ్గాన్ని, వలసను ప్రధాన వస్తువులుగా స్వీకరించారు. భూమి పోగొట్టుకున్న రైతు వేదన ఈ సాహిత్యానికి కేంద్రం. పట్టణంలో ఇల్లు అమ్ముకున్న మధ్యతరగతి కుటుంబానికి ఆ కేంద్రస్థానం దక్కలేదు. దీనికి న్యాయమైన కారణమే ఉంది. భూమి పోతే బతుకు పోతుంది. ఇల్లు అమ్మితే చేతికి సొమ్ము వస్తుంది. లాభం వచ్చినచోట నష్టాన్ని గుర్తించడం కష్టం. ఆ కష్టమే ఈ పరిశీలనకు ప్రాతిపదిక.

2. తెలుగు సాహిత్యంలో నగర భోగం – ఆస్తి వ్యయం:

అష్టాదశ వర్ణనల్లో నగర వర్ణన ప్రధానమైనది. ప్రబంధకవి కథ మొదలుపెట్టేముందు కోటను, అగడ్తను, మేడలను, నాలుగు వర్ణాల ప్రజలను, పూలమ్మే స్త్రీలను వర్ణించడం ఆచారం. అయితే పురవర్ణనలో నగరం సంపూర్ణంగా, నిశ్చలంగా ఉంటుంది. అక్కడ మేడలు చంద్రుణ్ణి తాకుతాయే గాని చేతులు మారవు.

ఈ నిశ్చలతను ఛేదించిన కృతి క్రీడాభిరామం. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన, కొందరు పరిశోధకులు శ్రీనాథునికి ఆపాదించిన ఈ వీథినాటకంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఒక్కరోజు ఓరుగల్లు అంతా తిరుగుతారు. అంగళ్లు, ఆలయాలు, జూదాలు, పందేలు, వీరగాథల గానాలు, మాచల్దేవి చిత్రశాల వారి కంట పడతాయి. ఒక్క రూకకు పూటకూటి ఇంట కమ్మని భోజనం దొరుకుతుంది. ఇందులో నగరం అనుభవానికి అందుతుంది, వెల కట్టి అందుతుంది. కానీ ఆ ఇద్దరూ ఆ నగరానికి అతిథులు. నగరంలోని ప్రతి సుఖానికీ వారు వెల ఇవ్వగలరు, ఏ సుఖాన్నీ వెంట తీసుకుపోలేరు. ఇల్లు లేనివాడి నగర భోగం ఇది.

ఇల్లూ ఆస్తీ ఉన్నవాడి భోగాన్ని చెప్పినది తెనాలి రామకృష్ణుని పాండురంగ మాహాత్మ్యంలోని నిగమశర్మోపాఖ్యానం. పిఠాపురానికి చెందిన సభాపతి కుమారుడు నిగమశర్మ విలాసాల్లో మునిగి పిత్రార్జితాన్ని కరగదీస్తాడు. అక్క వచ్చి హితవు చెబుతుంది. మారినట్లే కనిపించి, అతడు చివరకు ఇంటివారి నగలతో ఉడాయిస్తాడు. కొత్తగా చేయించుకున్న ముక్కర పోయిందని అక్క ఏడ్చే ఘట్టం తెలుగు పాఠకులకు చిరపరిచితం. ఇక్కడ భోగం కారణం, ఆస్తినాశనం ఫలితం. సుఖపడినవాడు అమ్ముకుంటాడు అన్నది దీని నీతి. పోయినది ధనరాశిగా కాక, ఒక్క ముక్కరగా కనిపించడం రామకృష్ణుని ప్రతిభ. నష్టం ఎప్పుడూ ఒక వస్తువు రూపంలోనే మనసుకు తగులుతుంది.

1959–61 మధ్య కరీంనగర్ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన విశ్వనాథ సత్యనారాయణ, అంతకు చాలాముందే రచించిన వేయిపడగలు నవలలో మూడో మార్గాన్ని చూపారు. అందులో రామేశ్వరశాస్త్రి ఆస్తి దానధర్మాల్లో కరుగుతుంది. కోట వైభవం కాలవశాన తరుగుతుంది. అక్కడ ఆస్తి పోవడం ఒక వ్యవస్థ క్షయానికి సంకేతం.

ఈ మూడు నమూనాల్లో దేనికీ నేటి కరీంనగర్ ఇంటి అమ్మకం ఒదగదు. అమ్మేవారు అతిథులు కారు, విలాసపురుషులు కారు, క్షీణించిన జమీందారులూ కారు. పైగా ఇక్కడ నిగమశర్మ నీతి తలకిందులైంది. నగర భోగం ఇంటిని హరించదు, దాని ధరను పెంచుతుంది. బడి, ఆసుపత్రి, బజారు, సినిమాహాలు, సాయంత్రాల షికారు దగ్గరగా ఉండడం వల్లనే ఆ ఇంటికి ఆ ధర. సుఖమే సొమ్ముగా మారే ఈ స్థితికి పూర్వసాహిత్యంలో సరైన భాష దొరకదు. అది దొరకవలసిన చోటు దస్తావేజు.

3. అనుభవం, భోగం, కబ్జా – మాటల చరిత్ర:

ధర్మశాస్త్రాలు ఆస్తి వివాదంలో మూడు మానుష ప్రమాణాలను చెప్పాయి. అవి లిఖితం, భుక్తి, సాక్షులు. యాజ్ఞవల్క్యస్మృతిలోని ఈ విభాగం మితాక్షర వ్యాఖ్య ద్వారా ప్రసిద్ధమైంది. ఆ సంప్రదాయాన్ని 13వ శతాబ్దంలోనే కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగులోకి తెచ్చాడు. ఇందులో ‘భుక్తి’ గమనించదగినది. తినడం, సుఖించడం, స్వాధీనంలో ఉంచుకోవడం అనే మూడర్థాలు ఒకే ధాతువు నుంచి వచ్చాయి. భోగం, భోజనం, భుక్తి ఒకే కుటుంబం. ఇంటిని ఎవరు అనుభవిస్తున్నారో చూసి ఇల్లెవరిదో తేల్చే పద్ధతి ఇది. సుఖం ఇక్కడ సాక్ష్యం.

దానశాసనాల్లో ఈ భావం ‘అష్టభోగ తేజస్స్వామ్యం’గా స్థిరపడింది. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అనే ఎనిమిదీ అష్టభోగాలు. విజయనగర కాలపు తామ్రశాసనాల్లో తరచుగా కనిపించే ఈ వరుస తరువాతి తెలుగు దస్తావేజుల్లోనూ కొనసాగింది. రెండు గదుల ఇంటిని అమ్మే పత్రంలో భూగర్భనిధి, రాళ్లు, నీరు ప్రస్తావనకు రావడం వింతగా తోస్తుంది. కానీ ఆ వింతలో ఒక ఔదార్యం ఉంది. కళ్లకు కనిపించేవే కాక, ముందు కలగబోయేవి, సాధించదగినవి కూడా కొనేవారికి చెందాలని ఆ వరుస చెబుతుంది. ‘ఆగామి’, ‘సాధ్యం’ అన్న మాటల్లో భవిష్యత్తు ఉంది. గడిచిన కాలానికి మాత్రం ఆ ఎనిమిదింటిలో చోటు లేదు.

తెలంగాణలో పరిస్థితి భిన్నం. నిజాం పాలనలో ఆస్తి వ్యవహారాలు ఉర్దూలో సాగాయి. అమ్మకపు పత్రం ‘బైనామా’, ముందుగా ఇచ్చే సొమ్ము ‘బయానా’, తాకట్టు ‘గిర్వి’, స్వాధీనం ‘కబ్జా’. ఈ మాటలు నేటికీ కరీంనగర్ ప్రజల నోట సజీవంగా ఉన్నాయి. రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితంపై రాసుకున్న ఒప్పందానికి ‘సాదా బైనామా’ అన్న పేరు ప్రభుత్వ ఉత్తర్వుల్లోకీ ఎక్కింది. ‘కబ్జా’ చరిత్ర మరీ ఆసక్తికరం. అరబీ మూలంలో పట్టుకోవడం, గుప్పిట్లోకి తీసుకోవడం దాని అర్థం. బైనామా పరిభాషలో అది న్యాయమైన స్వాధీనం. నేటి పత్రికల తెలుగులో అదే మాట అన్యాయమైన ఆక్రమణ. ఒకే మాట హక్కుకూ దౌర్జన్యానికీ పేరు కావడం పట్టణ భూముల చరిత్రపై భాష చేసిన వ్యాఖ్యానం.

ఆ తరువాత తెలుగు పత్రాల్లో ‘స్వాధీనానుభవం’ స్థిరపడింది. అమ్మినవారు ఇంతకాలం ఆస్తిని స్వాధీనానుభవంలో ఉంచుకున్నారని, నేటి నుంచి కొన్నవారు దాన్ని సుఖంగా అనుభవించవచ్చునని పత్రం చెబుతుంది. ‘అనుభవం’ అన్న మాటకు ఇక్కడ రెండర్థాలు ఎదురెదురుగా నిలుస్తాయి. చట్టంలో అది స్వాధీనం. నిత్యవ్యవహారంలో అది జీవించి తెలుసుకున్నది. మొదటిది సంతకంతో బదిలీ అవుతుంది. రెండోది ఏ సంతకంతోనూ బదిలీ కాదు. అమ్మేవారు ‘నా అనుభవం మీకిస్తున్నాను’ అని చేసే ప్రకటన న్యాయదృష్టితో సత్యం, జీవితదృష్టితో అసాధ్యం. విక్రయ దస్తావేజులోని మౌలిక వైరుధ్యం ఇదే.

4. హద్దుల పట్టిక – ఇరుగుపొరుగు:

దస్తావేజు చివర వచ్చే ఆస్తి వివరణలో ఇంటి నంబరు, గజాలు, గదులు, నాలుగు హద్దులు ఉంటాయి. ఈ భాగం యాంత్రికమని పైకి తోస్తుంది. కానీ పత్రం మొత్తంలో సామాజిక జీవితం ప్రవేశించే చోటు ఇదొక్కటే. తూర్పున ఫలానావారి ఇల్లు, పడమర ఫలానావారి ప్రహరీ, ఉత్తరాన బాట, దక్షిణాన ఫలానావారి ఖాళీ జాగ అని రాస్తారు. ఒక ఇంటి గుర్తింపు దాని పొరుగువారి పేర్లతోనే పూర్తవుతుంది. నలుగురి నడుమ లేని ఇంటికి దస్తావేజులో నిర్వచనం లేదు.

పాత హద్దులకు మరో లక్షణం ఉంది. పొరుగువారు ఎప్పుడో వెళ్లిపోయినా, పాత పత్రం చూసి రాసే కొత్త పత్రంలో వారి పేరే తరచుగా కొనసాగుతుంది. మనిషి పోయాడు, హద్దుగా మిగిలాడు. హిందువుల ఇంటి హద్దుల్లో ముస్లిముల పేర్లు, ముస్లిముల ఇంటి హద్దుల్లో హిందువుల పేర్లు కనిపించే పాత పత్రాలు పట్టణ సహజీవన చరిత్రకు విలువైన ఆధారాలు. కొత్త లేఅవుట్లలో ఈ పేర్లు మాయమవుతున్నాయి. తూర్పు, పడమర దిక్కుల్లో ఇప్పుడు ప్లాటు నంబర్లే ఉంటాయి. కొలత మరింత కచ్చితమైంది. పొరుగు కనుమరుగైంది.

‘ఉత్తరం: బాట’ అన్న రెండు మాటలు కూడా ఆలోచింపజేస్తాయి. కరీంనగర్ ఆడవారికి ఆ బాట కేవలం రాకపోకల దారి కాదు. బతుకమ్మ పండుగ దినాల్లో వాడకట్టు స్త్రీలు బతుకమ్మలను నడుమ పెట్టి చుట్టూ తిరిగి ఆడేది ఆ వాకిళ్ల ముందరే. సాయంత్రం కూర్చుండి మాట్లాడుకునే అరుగు ఆ బాటవైపే ఉంటుంది. ఇంటి సుఖంలో ముఖ్యభాగం ఇంటి హద్దుకు బయట ఉంది. దస్తావేజు హద్దు దగ్గర ఆగిపోతుంది. అందువల్ల అమ్మేవారు పోగొట్టుకునే దానిలో పెద్దభాగం వారి ఆస్తే కానిది. తమది కానిదాన్ని వారు అమ్మలేదు, అయినా అది వారికి దక్కకుండా పోయింది.

ఇంటి లోపలి విషయంలోనూ ఇంతే. కడపకు పసుపు రాసిన చేతులు, దర్వాజ ఎత్తిన నాటి పూజ, దేవుని అర్ర, ప్రసవాలు జరిగిన అర్ర ఇవన్నీ పత్రంలో ‘గదులు’ అనే లెక్కలో కలుస్తాయి. ఇంటిని ఎక్కువగా జీవించినది స్త్రీ, దాన్ని అమ్మినట్లు రాసి ఇచ్చినది చాలాకాలం పురుషుడు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు హక్కునిచ్చిన 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ, 2005 నాటి కేంద్ర సవరణ ఈ పాఠాన్ని మార్చాయి. పెళ్లై వెళ్లిన ఆడబిడ్డ కూడా వచ్చి సంతకం చేయవలసిన సందర్భాలు ఏర్పడ్డాయి. దస్తావేజులోకి ఇంటి మనుషులు కొత్తగా ప్రవేశించిన ఘట్టం ఇది. నిగమశర్మ అక్క ముక్కర కోసం ఏడ్వగలిగిందే గాని, తమ్ముని చేతిని ఆపగల సంతకం ఆమెకు లేదు.

5. ప్రకటన పత్రం – మారిన పురవర్ణన:

దస్తావేజు చెప్పని సుఖాన్ని పూర్తిగా చెప్పే మరో పాఠం స్థిరాస్తి ప్రకటన. నగరం నడిబొడ్డున, బస్టాండుకు కూతవేటు దూరంలో, ఆహ్లాదకర వాతావరణంలో అన్న మాటలు ఇందులో సర్వసాధారణం. పురవర్ణనకు ఇది నేటి వారసురాలు. మేడల ఎత్తు, ఉద్యానాలు, జలాశయం, విశాలమైన వీధులు అనే పాత వర్ణనాంశాలే కొత్త పేర్లతో తిరిగి వచ్చాయి. దిగువ మానేరు జలాశయం నేటి అగడ్త. మానేరుపై 2023లో ప్రారంభమైన తీగల వంతెన నేటి గోపురం. 2017లో స్మార్ట్ సిటీల జాబితాలో కరీంనగర్ చేరడంతో ‘స్మార్ట్’ అన్న విశేషణం కూడా ఈ వర్ణనకు అందివచ్చింది.

ఈ రెండు పాఠాల సంబంధం విచిత్రం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, కొనేవారు మామూలుగా కనిపెట్టలేని ముఖ్యమైన లోపాలను అమ్మేవారు వెల్లడించాలని చెబుతుంది. అంటే చట్టం కోరేది దోషాల జాబితా. ప్రకటన ఇచ్చేది గుణాల జాబితా. ఒక పాఠంలో సుఖం లేదు, మరొక పాఠంలో సుఖం తప్ప మరేమీ లేదు. ప్రకటనలోని సుఖం కూడా ఎవరూ ఇంకా అనుభవించనిది. అష్టభోగాల్లోని ఆగామి, సాధ్యం అన్నవే అక్కడ విస్తరించాయి. అనుభవించినవారి మాట రెండు చోట్లా వినిపించదు.

పైగా ఆ గుణాలను సృష్టించినది ఒక్క ఇంటి యజమాని కాదు. వంతెనకు పన్ను కట్టినవారు, వీధి ఊడ్చినవారు, బజారులో అంగడి పెట్టుకున్నవారు, ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలు, సాహిత్య సభలు నడిపినవారు అందరూ కలిసి కరీంనగర్‌ను ఉండదగిన ఊరుగా చేశారు. ఆ ఉమ్మడి సృష్టి విలువ అమ్మకం రోజున ఒకరి ఖాతాలో జమ అవుతుంది. అదే వీధిలో ఏళ్లతరబడి అద్దెకున్న కుటుంబం ఖాళీ చేసి వెళ్లిపోతుంది. వారు కూడా ఆ ఊరిని అనుభవించారు, నిర్మించారు. దస్తావేజులో వారి పేరు హద్దుగానైనా ఉండదు.

6. ‘ఇష్టపూర్వకం’ – ఓదార్పు సొమ్ము:

విక్రయ దస్తావేజుకు ప్రాణం ‘ఇష్టపూర్వకంగా’ అన్న మాట. ఎవరి బలవంతమూ లేకుండా, స్వబుద్ధితో, స్వంత అవసరాల నిమిత్తం అమ్ముతున్నామని అమ్మేవారు ప్రకటిస్తారు. ‘స్వంత అవసరాలు’ అన్న ఆ పదబంధంలో పిల్ల పెళ్లి, ఆసుపత్రి ఖర్చు, గల్ఫ్ ప్రయాణపు అప్పు, అన్నదమ్ముల పంపకం, ఒంటరి వృద్ధాప్యం అన్నీ ఇమిడిపోతాయి. తెలుగు కథకుడు నవల రాయగల కారణాలన్నిటినీ లేఖరి రెండు మాటల్లో మూసివేస్తాడు.

ఇష్టం లేని అమ్మకం ఎలా ఉంటుందో కరీంనగర్ ప్రాంతానికి బాగా తెలుసు. మానేరుపై దిగువ మానేరు జలాశయం, తరువాత మధ్య మానేరు జలాశయం నిర్మాణంలో ఊళ్లు మునిగాయి. అక్కడ జరిగినది అమ్మకం కాదు, సేకరణ. భూసేకరణ చట్టం నష్టపరిహారానికి అదనంగా ‘సొలేషియం’ పేర మరికొంత మొత్తాన్ని చెల్లించాలంటుంది. లాటిన్ మూలంలో ఆ మాటకు ఓదార్పు అని అర్థం. 1894 నాటి చట్టంలో అది మార్కెట్ విలువపై 15 శాతం. 1984 సవరణతో 30 శాతమైంది. 2013 చట్టం దాన్ని 100 శాతం చేసింది.

ఈ అంకెల వెనుక ఒక గొప్ప అంగీకారం ఉంది. మార్కెట్ ధర పూర్తిగా చెల్లించినా, ఇల్లు కోల్పోయినవారికి ధరకు మించిన నష్టం ఒకటి మిగిలే ఉంటుందని చట్టమే ఒప్పుకుంది. ఆ నష్టం విలువ 15 నుంచి 100కు పెరగడం, దాన్ని సరిగా కొలవలేమన్న సత్యాన్నే సూచిస్తుంది. ఇష్టపూర్వక అమ్మకంలో ఈ ఓదార్పుకు లెక్క లేదు. ఇష్టపడి అమ్మినవారికి దుఃఖం ఉండదని పత్రం భావిస్తుంది. ముంపు గ్రామాల ప్రజల నష్టాన్ని, మంచి ధరకు పట్టణపు ఇల్లు అమ్మినవారి వెలితిని సమానం చేయడం తప్పు. మొదటిదానిలో అన్యాయం ఉంది, రెండోదానిలో లేదు. అయితే అన్యాయం లేనిచోట దుఃఖం కూడా లేదనుకోవడం మరో తప్పు. నిరసనకు తావులేని దుఃఖాన్ని వ్యక్తం చేయడం కోసమే సాహిత్యం అవసరమవుతుంది.

7. ఒక అభ్యంతరం – సమాధానం:

దస్తావేజు కావ్యం కాదు, దాని నుంచి అనుభూతిని ఆశించడం తగునా అన్న అభ్యంతరం సహజం. దానిలో బలముంది. పత్రం పొడిగా ఉండడమే దాని సుగుణం. స్పష్టత లేని కాగితం వల్ల నష్టపోయేది ఎప్పుడూ బలహీనుడే. వంద రూపాయలకు తక్కువ కాని స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసిన నియమం వెనుక ఆ జాగ్రత్త ఉంది. నమ్మకంతో రాసుకున్న సాదా బైనామాలు తరువాతి తరాలను కచేరీల చుట్టూ తిప్పిన తీరు తెలంగాణ గ్రామాలకు అనుభవమే.

కాబట్టి ఈ విమర్శ దస్తావేజు మారాలని కోరదు. దస్తావేజు ఒక్కటే మిగలడాన్ని ప్రశ్నిస్తుంది. లేఖరి తన పని తాను సక్రమంగా చేశాడు. పక్కన ఉండవలసిన రెండో పాఠం రాయబడలేదు. పురవర్ణన నిర్మించే కవి, విహారం చూపే నాటకకర్త, వ్యసనాన్ని నిందించే ప్రబంధకర్త తెలుగులో ఉన్నారు. తాళంచెవులు అప్పగించి వీధి మలుపు తిరిగే మనిషిని చూపే రచన ఇంకా విరివిగా రావలసి ఉంది.

8. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. పూర్వసాహిత్యంలో నగర భోగం ఆస్తిని హరించే శక్తి. నేటి పట్టణంలో అదే భోగం ఆస్తి ధరను పెంచే శక్తి. ఈ మార్పుకు తగిన సాహిత్యభాష ఇంకా రూపొందుతున్నది.

2. భుక్తి, భోగం, అనుభవం అన్న మాటలు సుఖాన్నీ స్వాధీనాన్నీ కలిపి చెప్పేవి. దస్తావేజు వాటిలో స్వాధీనాన్ని మాత్రమే నిలుపుకుంది.

3. హద్దుల పట్టిక పట్టణ సామాజిక చరిత్రకు ముఖ్య ఆధారం. పొరుగువారి పేర్ల స్థానంలో ప్లాటు నంబర్లు రావడం ఆ చరిత్రలో ఒక మలుపు.

4. భూసేకరణ చట్టంలోని ఓదార్పు సొమ్ము, ఇంటికి ధరను మించిన విలువ ఉందన్న దానికి చట్టపరమైన అంగీకారం.

కరీంనగర్ పాత ఇళ్లలో ఇనుప పెట్టెల అడుగున ఉర్దూ బైనామాలు, తెలుగు దస్తావేజులు ఇంకా ఉన్నాయి. ఇల్లు అమ్మిన రోజున కొత్త పత్రం చేతులు మారుతుంది, పాతవి చెత్తలో కలుస్తాయి. వాటిని సేకరించి, చదివించి, వాటి హద్దుల్లోని పేర్లను ఇంకా జీవించి ఉన్న పెద్దల మాటలతో సరిపోల్చి నమోదు చేయడం విశ్వవిద్యాలయ పరిశోధకులకు, స్థానిక రచయితలకు అందుబాటులో ఉన్న పని. ఉర్దూ లిపి, ఆ వాడకట్టుల జ్ఞాపకం రెండూ తెలిసిన తరం క్రమంగా తగ్గిపోతున్నది. ఆ తరం ఉండగానే ‘ఉత్తరం: బాట’ అన్న మాటల పక్కన, ఆ బాట మీద ఎవరు బతుకమ్మ ఆడారో రాసిపెట్టవలసి ఉంది.